గిల్గమెష్‌ను ఎవరి పక్కన నిలబెట్టాలి: అకిలీస్, ఒడిస్సియస్, హెర్క్యులస్?

విజయనగరం టీచర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ లిటరేచర్ చెబుతాను. ఈ సెమిస్టర్‌లో మా పిల్లలకు ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్‌లోంచి కొన్ని సర్గలు ఉన్నాయి. సిలబస్‌లో లేకపోయినా, వాటికంటే ముందు గిల్గమెష్ కథ, అంటే మెసొపొటేమియాలోని ఉరుక్ రాజు కథ, చెప్పాను. మనకు దొరికిన పెద్ద వీరగాథల్లో అంత పాతది ఇంకోటి లేదు. అది వదిలేసి నేరుగా హోమర్ దగ్గర మొదలుపెట్టడానికి నాకు మనసొప్పలేదు.

పిల్లలు బాగా విన్నారు. గిల్గమెష్ ప్రాణస్నేహితుడు ఎంకిడు చనిపోయే చోట క్లాసులో ఎవరూ కిక్కురుమనలేదు. అయ్యాక ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఇది అకిలీస్ కథే కదా, హోమర్ ఇక్కడినుంచే తీసుకున్నాడా?" అని అడిగింది. వెనక బెంచీలోంచి ఒకబ్బాయి "కాదు మేడమ్, హెర్క్యులస్" అన్నాడు. "సముద్రం దాటి వెళ్ళాడు కదా, ఒడిస్సియస్" అని ఇంకొకడు. ముగ్గురి పేర్లూ బోర్డు మీద రాసి పోలికలు చెప్పమన్నాను. బోర్డు నిండిపోయింది కానీ ఏదీ తేలలేదు.

అకిలీస్ వైపు పోలికలు బలంగానే ఉన్నాయి. అకిలీస్ తల్లి థెటిస్ దేవత, గిల్గమెష్ తల్లి నిన్‌సున్ కూడా దేవతే. ఇద్దరూ ప్రాణంతో సమానమైన స్నేహితుణ్ణి పోగొట్టుకున్నారు. 18వ సర్గలో స్నేహితుడు పాట్రోక్లస్ శవం దగ్గర ఏడుస్తున్న అకిలీస్‌ను, వేటగాడు పిల్లల్ని ఎత్తుకుపోయిన సింహంతో పోల్చాడు హోమర్. మట్టి పలకల మీద దొరికిన గిల్గమెష్ కావ్యంలో 8వ పలక చూస్తే అక్కడా పిల్లల్ని పోగొట్టుకున్న ఆడసింహమే, అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. రెండిటికీ మధ్య వందల ఏళ్ళు, వేరే భాష, వేరే దేశం.

నేను అడిగేది ఇదీ. గ్రీకు వీరుల్లో నిజంగా గిల్గమెష్‌కు దగ్గరివాడు ఎవరు? ఆ కథ గ్రీసు దాకా చేరిందని చెప్పడానికి ఆధారాలేమైనా ఉన్నాయా, లేక మనమే పోలికలు వెతుక్కుంటున్నామా? వచ్చే వారం మళ్ళీ ఇదే క్లాసు ఉంది. పిల్లలకు గట్టిగా నిలబడే మాట చెప్పాలని ఉంది.

---

తూర్పుకనుమ:

మేడమ్, నా ఓటు మీ వెనక బెంచీ అబ్బాయికే. హెర్క్యులస్ నెమియా సింహాన్ని చంపి దాని తోలు కప్పుకున్నాడు, గిల్గమెష్ సింహం తోలు కట్టుకుని అడవులు పట్టి తిరిగాడు. ఒకరు క్రీటు ఎద్దును పట్టారు, ఇంకొకరు ఆకాశం నుంచి దిగిన ఎద్దును చంపారు. ఇద్దరికీ దేవతల రక్తం ఉంది, ఇద్దరి మీదా ఒక దేవత పగబట్టింది, అక్కడ హీరా, ఇక్కడ ఇష్తార్. ఇద్దరూ లోకం అంచుదాకా వెళ్ళారు. హెర్క్యులస్ హెస్పెరిడీస్ తోటలోని బంగారు ఆపిల్స్ కోసం వెళితే, గిల్గమెష్ సూర్యుడు నడిచే చీకటి దారిలో పోయి రత్నాలు కాసే చెట్ల తోటలో తేలాడు. ఇన్ని కలవడం నాకు చాలా పెద్ద విషయం.

ఆఖర్లో మాత్రం ఇద్దరూ విడిపోతారు. హెర్క్యులస్ ఓయిటా కొండ మీద చితిలో కాలి దేవతల్లో కలిసిపోతాడు, యవ్వనానికి దేవత అయిన హీబీని పెళ్ళి చేసుకుంటాడు. గిల్గమెష్‌కు ముసలితనం పోగొట్టే మొక్క చేతికి అందింది, దారిలో చెరువులో స్నానానికి దిగితే పాము వచ్చి ఎత్తుకుపోయింది. నాకు గిల్గమెష్ అంటే ఎక్కువ ఇష్టం కలిగింది ఈ చోటే.

---

పెన్నాతీరం:

టీచర్ గారూ, మీ క్లాసులో ఆ అమ్మాయి సరైన మనిషినే పట్టుకుంది. అయితే పోలికలకు టిక్కులు కొట్టుకుంటూ పోతే ముగ్గురికీ మార్కులు పడతాయి. దేవత కడుపున పుట్టడం, మృగాలను చంపడం, దూరదేశం పోవడం ఆ కాలపు వీరులందరికీ ఉన్నవే. తనకూ చావుందని వీరుడికి ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశాడు అన్నది చూస్తే అసలు తేడా బయటపడుతుంది.

అకిలీస్‌కు మొదటినుంచీ తెలుసు. 9వ సర్గలో రాయబారానికి వచ్చినవాళ్ళతో తనే చెబుతాడు: ట్రాయ్‌లో ఉండి పోరాడితే ఇల్లు చేరను, పేరు మాత్రం చెరగదు. ఓడెక్కి ఇంటికి పోతే పేరుండదు, నిండు నూరేళ్ళూ బతుకుతాను. ఈ రెండు దారులూ తల్లి చెప్పినవే. తర్వాత 18వ సర్గలో, పాట్రోక్లస్‌ను చంపిన ట్రాయ్ వీరుడు హెక్టర్ చచ్చిన వెంటనే నీకూ చావు రాసిపెట్టి ఉందని థెటిస్ అంటే, అయితే ఇప్పుడే చస్తానంటాడు. తెలిసీ ఆ దారే పట్టాడు.

గిల్గమెష్ మొదట్లో సరిగ్గా ఇలాగే మాట్లాడతాడు. ఈ సంగతి చాలామంది గమనించరు. దేవదారు అడవికి పోయి దాని కాపలా రాక్షసుడు హుంబాబాను చంపుదామంటే ఎంకిడు జంకుతాడు. మనిషి బతికే రోజులు లెక్కపెట్టినన్నే, అతను చేసేదంతా గాలి, నేను పడిపోతే పడిపోతాను, హుంబాబాతో తలపడ్డాడన్న పేరు మిగులుతుంది అంటాడు గిల్గమెష్. ఇది క్రీ.పూ. 18వ శతాబ్దం ప్రాంతపు పాత బాబిలోనియా పాఠంలో ఉంది. హోమర్‌కు వెయ్యేళ్ళ ముందే అకిలీస్ మాట అకిలీస్ నోట కంటే ముందు పలికిందన్నమాట. కాకపోతే అకిలీస్ ఆ మాట మీద నిలబడి చచ్చిపోయాడు. గిల్గమెష్‌కు ఆ మాట సగం కథ దాకానే పనికొచ్చింది.

ఎందుకు పనికిరాకుండా పోయిందో చూడండి. ఎంకిడు యుద్ధంలో చావలేదు. దేవతలు కూర్చుని ఇద్దరిలో ఒకడు చావాలని తీర్మానించారు, ఎంకిడు జబ్బుపడి రోజుల తరబడి మంచం మీద తీసుకుని తీసుకుని పోయాడు. పోయే ముందు అతను ఏడ్చింది కూడా అందుకే. యుద్ధంలో పడ్డవాడికి పేరుంటుంది, నాకు ఆ చావు కూడా లేదని స్నేహితుడితో చెప్పుకున్నాడు. అంతకాలం ఇద్దరూ నమ్ముకున్న మాటను ఆ మంచమే కూల్చేసింది.

అకిలీస్‌కు పగ తీర్చుకోవడానికి హెక్టర్ ఉన్నాడు. అందుకే అతని దుఃఖం ఎదుటివాళ్ళ మీద పడింది. హెక్టర్ శవాన్ని రథానికి కట్టి ఈడ్చాడు, పాట్రోక్లస్ చితి దగ్గర పన్నెండుమంది ట్రాయ్ కుర్రాళ్ళను నరికాడు. గిల్గమెష్ ఎవర్ని నరకాలి? జబ్బునా, దేవతల సభనా? అతని దుఃఖానికి బయట శత్రువు లేడు. జుట్టు పీక్కున్నాడు, బట్టలు చింపుకున్నాడు, కొత్త పెళ్ళికూతురికి కప్పినట్టు స్నేహితుడి ముఖానికి ముసుగు కప్పాడు. ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు పాతిపెట్టనివ్వలేదు, శవం ముక్కులోంచి పురుగు రాలేదాకా.

ఆ పురుగు సంగతి అతను ఒక్కసారి చెప్పి ఊరుకోడు. సముద్రపు ఒడ్డున సారాయి కొట్టు నడిపే సిదూరికి చెబుతాడు, పడవవాడు ఉర్షనాబికి చెబుతాడు, ప్రళయం నుంచి బయటపడిన ఉట్నపిష్టిమ్‌కు చెబుతాడు. మూడుచోట్లా ఇంచుమించు అవే మాటలు: నేను ప్రేమించిన ఎంకిడు మట్టయిపోయాడు, నేనూ అలా పడుకుని ఇక లేవకుండా పోతానా అని. మొదటిసారి చదివేటప్పుడు ఇదేంటి మళ్ళీ మళ్ళీ అనిపిస్తుంది. చావు జరిగిన ఇంట్లో మనుషులు చేసేదీ అదే. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆఖరి రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెబుతారు. ఈ ముగ్గురితో మాట్లాడేటప్పుడు పేరు, కీర్తి అన్న ఊరట అతని నోట రాదు. హుంబాబాను చంపిన సంగతి ఎత్తుతాడు, కానీ దానివల్ల చావు భయం తగ్గిందని ఎక్కడా అనడు.

ఇక గిల్గమెష్ ఊరు ఉరుక్ చుట్టూ ఉన్న గోడ సంగతి. నేను సివిల్ ఇంజినీర్‌ని, దక్షిణ ఇరాక్‌లో సమావా దగ్గర నీటి పైపులైన్ల పనిలో ఉండేవాణ్ణి. ఉరుక్ శిథిలాలు అక్కడికి తూర్పుగా, ఇప్పటి వర్కా. సెలవురోజు మా సైట్ డ్రైవర్ తీసుకెళ్ళాడు. నది ఎప్పుడో దూరం జరిగిపోయింది, కనుచూపు మేర బూడిదరంగు నేల, అక్కడక్కడ ఉప్పు తేలి తెల్లగా ఉంటుంది. కాలు పెడితే కింద కుండపెంకులు కరకరమంటాయి. ఊరి గోడ ఇప్పుడు పొడుగాటి మట్టిదిబ్బలా మాత్రమే కనిపిస్తుంది. చుట్టుకొలత 9 కిలోమీటర్ల పైనే, లోపల దాదాపు 5.5 చదరపు కిలోమీటర్ల ఊరు. దాదాపు 5,000 ఏళ్ళ కిందట అంత గోడ కట్టడానికి ఎన్ని లక్షల ఇటుకలు కోసి ఎండబెట్టి ఉంటారో నా వృత్తివాడికి వెంటనే మనసులో ఆడుతుంది. ఎయన్నా గుడి జిగ్గురట్ (మెట్లమెట్లుగా కట్టిన ఇటుక దిబ్బ) మొండెం మీద ఇటుక వరసల మధ్య పరిచిన రెల్లు చాపలు ఇప్పటికీ కనిపిస్తాయి. మట్టికట్టడం జారిపోకుండా పట్టి ఉంచడానికి, లోపలి తేమ బయటికి పోవడానికి వేసినవి. వేలితో తాకితే పొడి రాలింది. అంత కాలం ఆగిన రెల్లు.

కావ్యం 11వ పలక చివర గిల్గమెష్ ఉత్త చేతులతో ఇంటికొచ్చి, తనతో వచ్చిన పడవవాడితో చెప్పేది ఈ గోడ గురించే. పైకెక్కు, అటూ ఇటూ నడువు, పునాది చూడు, ఇటుకలు చూడు అంటాడు. ఊరెంత, ఖర్జూర తోటలెంత, మట్టి తవ్వే గుంటలెంత, ఇష్తార్ గుడెంత అని కొలతలు చెబుతాడు. అమరత్వం ఊసే లేదు. మట్టి తవ్వే గుంటలను కూడా కలిపి చెప్పినవాడంటే నాకు ఎనలేని గౌరవం. ఇటుకలు ఎక్కడినుంచి వచ్చాయో అతనికి తెలుసు.

గ్రీకు వైపు ఇలాంటి ముగింపు నాకెక్కడా కనపడలేదు. అకిలీస్‌కు పాట మిగిలింది, హెర్క్యులస్‌కు స్వర్గం దొరికింది, ఒడిస్సియస్‌కు ఇల్లు దొరికింది. గిల్గమెష్‌కు ఊరు మిగిలింది, అతను పోయాక కూడా జనం ఉండే ఊరు.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. అకిలీస్ కథ ఇలియడ్‌తో అయిపోలేదు. హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీ 11వ సర్గలో ఒడిస్సియస్ చచ్చినవాళ్ళ లోకానికి వెళ్ళి అకిలీస్‌ను కలిసి, నువ్వు ఇక్కడ కూడా రాజువే అని పొగుడుతాడు. చచ్చినవాళ్ళందరికీ రాజుగా ఉండేకంటే సెంటు భూమి లేనివాడి దగ్గర కూలి చేసుకుంటూ పైన బతకడమే మేలంటాడు అకిలీస్. గిల్గమెష్ పేరు కోసం బయలుదేరి చావు భయం దగ్గరికి వచ్చాడు. అకిలీస్ చచ్చాక అక్కడికే వచ్చాడు. మీ పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన చదివించండి.

---

నీలిసముద్రం:

పెన్నాతీరం గారూ, వర్కా గురించి రాసింది చదివి సంతోషమేసింది. నేను చదువుకున్నది గ్రీకు వైపు కాబట్టి టీచర్ గారి రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, మీతో ఒక చోట వాదన కూడా పెట్టుకుంటాను.

కథ మధ్యధరా ఒడ్డుకు చేరిందనడంలో సందేహం లేదు. హిట్టైట్ల రాజధాని హత్తూషాలో, అంటే ఇప్పటి టర్కీలోని బోగజ్‌కలేలో, గిల్గమెష్ ముక్కలు అక్కాడియన్‌లో, హిట్టైట్‌లో, హుర్రియన్‌లో దొరికాయి. సిరియా తీరంలోని ఉగరిత్‌లో దొరికాయి. పాలస్తీనా నేలమీద మెగిద్దోలో ఒక ముక్క దొరికింది. ఇవన్నీ క్రీ.పూ. రెండో సహస్రాబ్దికి చెందినవి, హోమర్‌కు చాలా ముందువి. ఇక హోమర్ కాలానికి వస్తే, గ్రీకులు ఫినీషియన్ల దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్న రోజులవి. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర సైప్రస్ రాజులు అస్సీరియా చక్రవర్తి రెండో సార్గోన్‌కు కప్పం కట్టారు, అతని శాసనస్తంభం ఇప్పటి లార్నకాలో దొరికింది. అంటే గ్రీకు మాట్లాడే ఊళ్ళున్న దీవిలోనే అస్సీరియా రాజు స్తంభం నిలబడింది. అక్షరాలు, లోహపు పాత్రలు, శకునాలు చూసే విద్య ఇటు వచ్చినప్పుడు కథలు మాత్రం ఆగిపోయాయనుకోవడం కష్టం.

సింహం పోలికకంటే నాకు బలంగా తోచే చోటు ఇలియడ్ 5వ సర్గలో ఉంది. గ్రీకు వీరుడు డయొమీడిస్ చేతిలో గాయపడిన ప్రేమదేవత ఆఫ్రొడైటీ ఏడుస్తూ ఆకాశానికి వెళ్ళి తల్లి డయోనీ ఒళ్ళో పడుతుంది, తండ్రి జ్యూస్ చిరునవ్వుతో మందలిస్తాడు. గిల్గమెష్ 6వ పలకలో, నన్ను పెళ్ళి చేసుకోమని అడిగిన ఇష్తార్‌ను గిల్గమెష్ ఆమె పాత ప్రియుల చిట్టా విప్పి అవమానిస్తాడు. దుమూజి, రంగుల పిట్ట, సింహం, గుర్రం, గొర్రెల కాపరి, తోటమాలి, వీళ్ళందరినీ నువ్వేం చేశావో నాకు తెలుసంటాడు. ఆమె ఏడుస్తూ తండ్రి అను, తల్లి అంతూ దగ్గరికి వెళుతుంది, తండ్రి తప్పు నీదే కదా అంటాడు. ప్రేమదేవత, మనిషి చేతిలో భంగపాటు, ఆకాశానికి పరుగు, తల్లీ తండ్రీ, మందలింపు, అన్నీ అదే వరసలో ఉన్నాయి. పైగా అను నుంచి అంతూ వచ్చినట్టే, జ్యూస్ పేరుకు ఆడరూపమే డయోనీ. హోమర్‌లో మిగతా అంతటా జ్యూస్ భార్య హీరాయే కదా, ఇక్కడ మాత్రం ఈ డయోనీ వచ్చి కూర్చుంది. గ్రీకు మతం మీద పరిశోధించిన పండితుడు వాల్టర్ బర్కర్ట్ ఈ జంటను ఎత్తి చూపించాక దీన్ని కాకతాళీయం అని తోసేయడం ఎవరికీ సులువు కాలేదు.

అలాగని హోమర్ గిల్గమెష్ పలకలు ముందు పెట్టుకుని రాశాడని నేననను. గ్రీకు సాహిత్యంలో గిల్గమెష్ పేరు కనపడేది చాలా ఆలస్యంగా, క్రీ.శ. 200 ప్రాంతంలో ఏలియన్ అనే రచయిత రాసిన జంతువుల పుస్తకంలో, గిల్గమోస్ అని. అందులో కథ కూడా వేరే. మనవడి వల్ల రాజ్యం పోతుందని భయపడిన తాత కూతుర్ని కాపలాలో పెడతాడు, పుట్టిన బిడ్డను కోట మీదనుంచి కిందికి విసిరేస్తారు, గద్ద రెక్కల మీద పట్టుకుని తోటలో దింపుతుంది. ఇది గ్రీకు వీరుడు పెర్సియస్ కథకు చుట్టం. ఎంకిడు ఊసు లేదు, మొక్క ఊసు లేదు. కావ్యం మొత్తంగా రాలేదు. ఒక సన్నివేశం, ఒక పోలిక, ఒక వరస నోటినుంచి నోటికి వచ్చి గ్రీకు కథల్లో ఇంకిపోయాయి. పిల్లలకు నేనైతే ఇలాగే చెబుతాను.

ఇక నా వాదన. గిల్గమెష్ పేరును వదిలేశాడని పెన్నాతీరం గారు అన్నారు. కావ్యం మొదటి పలక ఆయనకు ఎదురు చెబుతుంది. బాబిలోనియా పండితుడు సిన్-లెకి-ఉన్నిన్ని కూర్చిన పాఠం గిల్గమెష్ గొప్పతో మొదలవుతుంది, తన పాట్లన్నీ రాతి మీద చెక్కించాడంటుంది. దేవదారు పెట్టె వెతుకు, కంచు గడియ తియ్యి, నీలిరాతి పలక తీసి చదువు అని మనతో అంటుంది. ఇది కీర్తి కాక ఇంకేమిటి? అకిలీస్‌కు పాట ఉన్నట్టే ఇతనికి పలక ఉంది.

---

పెన్నాతీరం:

నీలిసముద్రం గారూ, ఆ పెట్టె నాకూ చాలా ఇష్టమైన చోటు. కానీ ఆ పలకలో ఏం చదవమంటున్నాడో చూడండి. గిల్గమెష్ పడ్డ కష్టాలన్నీ చదవమంటున్నాడు. అడవికి బయలుదేరేముందు పలికిన పేరు హుంబాబాను చంపినవాడి పేరు. పెట్టెలో ఉన్నది అలసిపోయి ఇంటికొచ్చినవాడి కథ. ఆ పీఠికలోనే ప్రళయానికి ముందటి కబురు తెచ్చినవాడు, పాడైన గుళ్ళను, పూజలను తిరిగి నిలబెట్టినవాడు అని చెబుతారు. ఇలియడ్ మొదటి పంక్తి అకిలీస్ కోపంతో మొదలవుతుంది. గిల్గమెష్ పీఠిక లోతు చూసినవాడు అంటూ మొదలవుతుంది.

అందుకే పీఠిక మట్టుకు చూస్తే ఇతని పక్కన ఒడిస్సియస్ కూర్చుంటాడు. ఒడిస్సీ మొదట్లోనే ఎందరో మనుషుల ఊళ్ళు చూశాడు, వాళ్ళ మనసులు తెలుసుకున్నాడు, సముద్రం మీద ఎన్నో బాధలు పడ్డాడు అని వస్తుంది. చూడటం, తెలుసుకోవడం, బాధపడటం, మూడూ రెండుచోట్లా ఉన్నాయి. టీచర్ గారి మూడో కుర్రాడికి ఈ ముక్క చెప్పవచ్చు.

హోమర్‌లోనూ దుఃఖం పగతో ఆగిపోదని నేను ఒప్పుకుంటాను. 24వ సర్గలో హెక్టర్ తండ్రి, ముసలి ప్రయామ్ రాత్రిపూట శత్రువుల గుడారంలోకి వచ్చి, తన కొడుకులను చంపిన చేతులు ముద్దుపెట్టుకుంటాడు. ఇద్దరూ ఏడుస్తారు, ఒకడు హెక్టర్ కోసం, ఒకడు తండ్రి కోసం, పాట్రోక్లస్ కోసం. తర్వాత అకిలీస్ ముసలాయన్ను అన్నం తినమని బతిమాలతాడు, బిడ్డలందరినీ పోగొట్టుకున్న నయోబీ కూడా తిన్నదని చెబుతాడు. పాత బాబిలోనియా పాఠంలో సిదూరి గిల్గమెష్‌కు చెప్పేదీ ఈ దారిలోనే ఉంటుంది: కడుపునిండా తిను, తలస్నానం చెయ్యి, ఉతికిన బట్టలు కట్టుకో, నీ చెయ్యి పట్టుకున్న బిడ్డను చూసుకో, భార్యను సంతోషపెట్టు, మనిషి పని ఇదే అని. గిల్గమెష్ వినలేదు, ముందుకు పోయాడు. ప్రయామ్ విన్నాడు, తిన్నాడు.

---

విజయనగరం టీచర్:

ముగ్గురికీ చాలా కృతజ్ఞతలు. హెక్టర్ లేకపోవడం అన్న పాయింట్ నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు, దాంతో క్లాసు మొత్తం నడిపించవచ్చు.

నీలిసముద్రం గారూ, మీకు ఇంకొక ప్రశ్న. ఒడిస్సీ 11వ సర్గ పెడితే 12వ పలక కూడా పెట్టాలా? అది తర్వాత అతికించినది, కథకు పొసగదు అని చదివాను. ఎంకిడు 7వ పలకలోనే చచ్చిపోతాడు, 12లో మళ్ళీ బతికి ఉంటాడు. పిల్లలు గందరగోళపడతారేమో అని టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, ఒడిస్సియస్ అమరత్వాన్ని కాదన్నాడు కదా. కాలిప్సో అనే దేవత ఇస్తానంటే వద్దని భార్య పెనెలొపీ దగ్గరికి బయలుదేరాడు. గిల్గమెష్ వెతికి వెతికి దొరక్క వచ్చాడు, ఇతను ఇస్తానంటే వద్దన్నాడు. ఈ ఇద్దరినీ ఒకే వాక్యంలో పెట్టడం తప్పేమీ కాదు కదా?

---

నీలిసముద్రం:

తప్పేమీ లేదు, పెట్టండి. కాకపోతే కాలిప్సో ఆ మాట అనే సమయానికి ఒడిస్సియస్ ఏడేళ్ళుగా ఆమె దీవిలో ఉండి రోజూ ఒడ్డున కూర్చుని ఏడుస్తున్నాడని పిల్లలకు గుర్తుచేయండి. పెనెలొపీ అందంలో నీకు సాటిరాదు, ఆమె మనిషి, ముసలిదవుతుంది, అయినా ఇంటికే పోతానంటాడు. 5వ సర్గలో ఈ మాటలున్నాయి. ఉట్నపిష్టిమ్ పెట్టిన పరీక్ష కూడా దీని పక్కన చదివించవచ్చు. ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు నిద్రపోకుండా ఉండు చూద్దాం అంటే గిల్గమెష్ కూర్చున్న చోటే నిద్రపోతాడు. ఉట్నపిష్టిమ్ భార్య రోజుకో రొట్టె కాల్చి తలదగ్గర పెడుతుంది. లేచి, ఇప్పుడే కళ్ళు మూశాను అంటాడు. మొదటి రొట్టె ఎండి గట్టిపడిపోయింది, ఒకదానికి బూజు పట్టింది, ఆఖరిది ఇంకా నిప్పుల మీద ఉంది. నిద్రను గెలవలేనివాడు చావును ఎలా గెలుస్తాడని వేరే చెప్పక్కర్లేదు, రొట్టెలు చాలు.

12వ పలక సంగతి మీరు విన్నది నిజమే. అది సుమేరియన్ కవితలో రెండో సగానికి అక్కాడియన్ అనువాదం, కథ 11వ పలకతోనే ముగిసింది. అయినా పెట్టమనే నా సలహా. పెట్టేముందు ఇది అనుబంధం అని ఒక్క ముక్క చెబితే గందరగోళం ఉండదు. ఒడిస్సియస్ తల్లి ఆంటిక్లియా నీడను మూడుసార్లు కౌగిలించుకోబోతే చేతుల్లోంచి జారిపోతుంది, ఇలియడ్ 23లో పాట్రోక్లస్ నీడ పొగలా భూమిలోకి పోతుంది. 12వ పలకలో ఎంకిడు నీడ నేలలోని కన్నంలోంచి గాలిలా వస్తుంది, ఇద్దరూ కౌగిలించుకుంటారు, ముద్దులు పెట్టుకుంటారు. కింద ఎలా ఉందో చెప్పమని గిల్గమెష్ అడుగుతాడు. చెబితే కూర్చుని ఏడుస్తావు అంటాడు ఎంకిడు. ఏడుస్తానులే చెప్పు అంటాడు గిల్గమెష్.

తర్వాత ఎంకిడు చెప్పేది మన పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. ఎక్కువమంది కొడుకులున్నవాడు కింద ఎక్కువ సుఖంగా ఉంటాడు. తనకోసం తిండి పెట్టేవాళ్ళు పైన ఎవరూ లేనివాడు వీధిలో పారేసిన కుండల అడుగు గీక్కుని తింటాడు. పితృకార్యాలు చేసే ఇళ్ళలో పెరిగిన పిల్లలకు దీన్ని విడమరిచి చెప్పే పని ఉండదు. సుమేరియన్ పాఠంలో ఇంకొకటి కూడా ఉంది, పుట్టకముందే పోయిన బిడ్డల సంగతి అడుగుతాడు గిల్గమెష్. వాళ్ళు వెండి బంగారు బల్లల దగ్గర తేనె, నెయ్యి పెట్టుకుని ఆడుకుంటున్నారని జవాబు. గ్రీకుల చచ్చినవాళ్ళ లోకం హేడిస్‌లో మాత్రం ఒడిస్సియస్ గొర్రెల రక్తం పోస్తేనే నీడలకు నోరు పెగులుతుంది, అకిలీస్ తండ్రి పెలియస్ గురించి, కొడుకు నియొప్టొలెమస్ యుద్ధంలో ఎలా ఉన్నాడని అడుగుతాడు. కొడుకు బాగా పోరాడాడని చెబితే పెద్ద పెద్ద అడుగులేసుకుంటూ సంతోషంగా వెళ్ళిపోతాడు. చచ్చాక కూడా అకిలీస్‌కు కొడుకు అంటే పేరు నిలబెట్టేవాడు, ఎంకిడు చెప్పే లోకంలో కొడుకు అంటే తిండి, నీళ్ళు అందించేవాడు.

క్లాసు టైము తక్కువైతే ఇలియడ్ 9లో అకిలీస్ జవాబు, గిల్గమెష్ 8, 10 పలకలు, తర్వాత ఒడిస్సీ 11లో అకిలీస్ ఉన్న భాగం, ఈ వరసలో చదివించండి. 24వ సర్గకు విడిగా ఒక పూర్తి పీరియడ్ ఉంచుకోండి, దాన్ని తొందరపడి చెప్పకూడదు.